మేనరికం ఉన్నా యుద్ధాలెందుకు?

ప్రశ్న: కార్తీకంలో ద్రాక్షారామం వెళ్తే అక్కడ ఒకాయన, మన రాజరాజనరేంద్రుడు చోళులకు మేనల్లుడూ అల్లుడూ కూడా అని చెప్పాడు. అంత దగ్గర చుట్టరికం పెట్టుకుని కూడా ఆయన హయాం అంతా గొడవలే ఎందుకండీ? రాయబారాలు నడపలేదా?
– ఒక పాఠకురాలు, రామచంద్రపురం

జవాబు: చుట్టరికం ఉండబట్టే గొడవలండీ. నరేంద్రుడి తల్లి కుందవ్వ రాజరాజ చోళుడి కూతురు, భార్య అమ్మంగదేవి మేనమామ రాజేంద్ర చోళుడి కూతురు, అచ్చంగా మన ఇళ్లల్లో మేనరికమే. అయితే ఈ సంబంధం పడమట కన్నడ దేశాన్నేలే కల్యాణి చాళుక్యులకు కంట్లో నలుసైంది. దక్షిణాన చోళులు, తూర్పున నరేంద్రుడేలే వేంగిలోనూ, అంటే మన కృష్ణా గోదావరుల నడుమ రాజ్యంలోనూ, ఆ చోళుల అల్లుడే అంటే ఇంక కల్యాణి వాళ్లు కదిలేదెటు? పైగా ఈ డెల్టా పంటలు, రేవులు ఎవరికి చేదు? అందుకే నరేంద్రుడి సవతి తమ్ముడు విజయాదిత్యుణ్ణి ఎగదోశారు. 1022లో పట్టం కట్టుకున్న అన్న 1031 నాటికి సింహాసనం తమ్ముడికి వదులుకోవాల్సి వచ్చింది, తిరిగి దక్కించుకోవడానికి మళ్లీ మేనమామ అండే దిక్కయింది.

ఆ అండ ఖరీదు ఎంతో కొల్లేటి దగ్గర కలిదిండి చెబుతుంది. కర్ణాట సేనతో, అంటే ఆ కల్యాణి వాళ్ల సేనతో, పోరులో ముగ్గురు చోళ సేనానులు చనిపోతే, నరేంద్రుడు వాళ్ల పేరు మీద అక్కడ మూడు శివాలయాలు కట్టించి శాసనం రాయించాడు.

ఇక రాయబారాలంటారా, నడిచాయి, కానీ దూతలకు దక్కిన మర్యాద వినండి. కల్యాణి రాజు సోమేశ్వరుడు, అదే ఆహవమల్లుడు, పంపిన మనుషుల్లో ఒకడికి తల గొరిగి అయిదు పిలకలు ఉంచి, ఇంకొకడికి ఆడవేషం కట్టించి రాజేంద్రుడి కొడుకు రాజాధిరాజ చోళుడు వెనక్కి పంపాడట. ఇది శత్రువులు వేసిన నింద కాదు, చోళులే శాసనంలో గొప్పగా చెప్పుకున్నారు! ఆ తర్వాత మాటలకు చోటెక్కడిది? 1054లో కొప్పం యుద్ధంలో ఆ రాజాధిరాజే ఏనుగు మీద ఉండగా ప్రాణాలు పోగొట్టుకున్నాడు.

రాజాధిరాజు తమ్ముడు వీరరాజేంద్రుడు చోళ రాజయ్యే కాలానికి యుద్ధానికి కూడా ఉత్తరాలు రాసుకున్నారు. కూడలి సంగమం దగ్గర తేల్చుకుందాం రమ్మని ఆహవమల్లుడే కబురు పెట్టి తను రాలేదనీ, తాము నెల్లాళ్లు ఎదురుచూశామనీ చోళ శాసనం ఎగతాళి చేస్తుంది. నాకైతే అది పిరికితనం అనిపించదు, ఎందుకంటే ఆయన 1068లో జబ్బు భరించలేక తుంగభద్రలో మునిగి చనిపోయాడు. ఏదైతేనేం, చోళుల కోపమంతా మన వేంగి మీదికే వచ్చింది. చోళ సేన బెజవాడ దగ్గర కృష్ణ ఒడ్డున పోరాడి, గోదావరిలో ఏనుగులకు నీళ్లు తాగించి మరీ ముందుకెళ్లింది.

ప్రశ్న: చివరికి లాభపడింది ఎవరు?
– అదే పాఠకురాలు

జవాబు: అమ్మంగదేవి కొడుకు. తండ్రి గద్దె బాబాయి విజయాదిత్యుడి చేతికి పోయినా, 1070లో ఏకంగా చోళ సింహాసనమే ఎక్కి కులోత్తుంగుడయ్యాడు. బాబాయిని వేంగిలోనే ఉండనిచ్చాడు కూడా. ఈసారి ద్రాక్షారామం వెళ్తే గుడి గోడల మీద ఆయన కాలం శాసనాలు చూసి రండి.