ఇంద్రుడి కూతురు మన వీధిలోకొస్తే: జగదేకవీరుడి మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఈ పేజీ చివర్లో "టీవీలో వస్తే మీ ఇంట్లో ఎవరూ చానల్ మార్చని సినిమా ఏది" అని ఊరికే ఒక మాట అన్నానంతే, మెయిల్ బాక్స్ నిండిపోయింది. మాయాబజార్ వాళ్లు ఉన్నారు, క్షణక్షణం వాళ్లు ఉన్నారు, కానీ ఎక్కువమంది రాసింది మాత్రం 1990లో వచ్చిన జగదేకవీరుడు అతిలోక సుందరి గురించే. సరే, ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేద్దాం. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేశా, మీ ప్రశ్న కనిపించకపోతే అలగొద్దు.

ప్రశ్న: 2025 మే 9న రీరిలీజ్ అయినప్పుడు మా అబ్బాయిని తీసుకెళ్లానండి. వాడు ఇంజనీరింగ్, హాలీవుడ్ సూపర్ హీరోలు తప్ప ఇంకేం చూడడు. మొదటి పావుగంట "అమ్మా ఈ గ్రాఫిక్స్ ఏంటే" అని ఒకటే నవ్వు, ఆ తర్వాత ఫోన్ కూడా బయటికి తియ్యలేదు. ఎందుకు నచ్చిందిరా అంటే చెప్పలేకపోయాడు. నిజం చెప్పాలంటే నేనూ చెప్పలేను. మీరు చెప్పండి. (పాఠకురాలు, భీమవరం)

చెప్తానండి, కొంచెం పొడుగవుతుంది. ఎవర్ని అడిగినా శ్రీదేవి అంటారు, చిరంజీవి అంటారు, ఇళయరాజా పాటలంటారు, డైరెక్టర్ రాఘవేంద్రరావు గారి పాటల్లో పళ్లూ పూలూ అని నవ్వుతారు కూడా. అన్నీ నిజమే, కానీ వీళ్లు విడివిడిగా చేసినవాటిలో మనం శుభ్రంగా మర్చిపోయిన సినిమాలు బోలెడున్నాయి కదా. అదే ఏడు చిరంజీవివి కొండవీటి దొంగ, కొడమ సింహం, రాజా విక్రమార్క కూడా వచ్చాయి, వాటిని ఇంట్లో అందరూ కూర్చుని ఇలా చూస్తారా? నా ఉద్దేశంలో అసలు కిటుకంతా ఆ ఉంగరం దగ్గరుంది.

కథ ఒకసారి గుర్తు చేసుకోండి. గైడ్ రాజు, అనాథ పిల్లల్ని పెంచుకుంటూ ఉంటాడు, కాలు దెబ్బతిన్న పాప కోసం మూలిక వెతుక్కుంటూ మానససరోవరం దాకా పోతాడు. అక్కడికి విహారానికొచ్చిన ఇంద్రుడి కూతురు ఇంద్రజ ఉంగరం జారిపోతుంది, అది వీడి చేతికి చిక్కుతుంది, అది లేనిదే ఆవిడకి స్వర్గంలో ప్రవేశం లేదు. ఇక చచ్చినట్టు భూమ్మీదకి దిగి, వీడి చుట్టూ తిరిగి, దాన్ని సంపాదించుకోవాలి. ఇంతే కదా కథ.

ఉంగరం పోవడం మనకి కొత్త కాదు. శాకుంతలంలో ఉంగరం పోతే మొగుడూ పెళ్లాలు విడిపోతారు, దొరికితే కలుస్తారు. ఇక్కడ సీన్ రివర్స్. పోవడం వల్లే వీళ్లిద్దరూ కలిశారు, దొరికిందంటే విడిపోతారు. అంచేత సినిమా మొదట్లో "పాపం ఆవిడది ఆవిడకి ఇచ్చెయ్యరా బాబూ" అనుకున్న మనమే, ఆవిడ ఆ పిల్లలతో కలిసిపోయి నవ్వడం మొదలెట్టాక "దొరక్కుండా ఉంటే బాగుండు దేవుడా" అని మొక్కుకుంటాం. ఎవరూ మనకి చెప్పరు అలా అనుకోమని, మనంతట మనమే పార్టీ మారిపోతాం. మీవాడు ఫోన్ తియ్యడం మర్చిపోయింది ఆ టైములోనే అయ్యుంటుంది, గ్రాఫిక్స్ పాతబడతాయి గానీ ఇది పాతబడదు కదండీ. పైగా ప్రతి నవ్వు వెనకా చిన్న దిగులు ఉంటుంది చూశారూ, ఈవిడ ఎప్పటికైనా వెళ్లిపోవాల్సిన మనిషే అని, అది లేకపోతే ఆ ప్రేమకథ మామూలు డ్యూయెట్ల సినిమా అయిపోయేది.

ఇక దాన్ని మోసింది శ్రీదేవి. గడ్డం కొంచెం పైకి పెట్టి, కనుబొమ్మ లేపి, "మానవా!" అని పిలుస్తుందే, అందులో పొగరుంది, చిరాకుంది, ఎదటివాడేంటో తెలుసుకోవాలనే చిన్నపిల్ల కుతూహలం కూడా ఉంది, మూడూ ఒకే పిలుపులో. దేవకన్య వేషం కట్టిన చాలామంది నటీమణులు చెయ్యి ఆశీర్వాదంలా పెట్టి, మెడ తిప్పకుండా, బొమ్మల కొలువులో బొమ్మలా నిలబడతారు. ఈవిడ కళ్లు అస్సలు నిలవవు, గదిలో ఏముందో చూస్తుంటాయి, ఎదటివాడి మాట సగం అర్థమైనట్టు సగం కానట్టు తిరుగుతుంటాయి. అప్పటికే హిందీలో చాందినీ, చాల్‌బాజ్ చేసి టాప్‌లో ఉంది. రాఘవేంద్రరావుకి మాత్రం పదహారేళ్ళ వయసు, వేటగాడు నాటి నుంచీ తెలిసిన మొహం, ఆ మొహం ఎప్పుడు వెలుగుతుందో ఆయనకి బాగా ఎరిక. మరుసటి ఏడు క్షణక్షణంలో సత్యగా చూడండి, దేవకన్యా కాదు ఏమీ కాదు, మామూలు ఉద్యోగం చేసుకునే పిల్ల, కానీ అదే బిత్తరచూపు అదే మొండితనం. అంటే ఇంద్రజలో మనకి నచ్చింది కిరీటం కాదన్నమాట.

ప్రశ్న: ఒక అమ్మాయి వస్తువు హీరో దగ్గరుంటే ఆమె వాడి చుట్టూ తిరగాల్సి రావడం, అది ప్రేమగా మారడం, ఇప్పటి కళ్లతో చూస్తే తేడాగా లేదా? మా హాస్టల్‌లో దీని మీద పెద్ద గొడవైంది. (పాఠకుడు, హైదరాబాద్)

గొడవ పడాల్సిన విషయమే బాబూ, పడండి. కానీ దీనికి ముందు సినిమా ఒకటి చూసి పడండి. 1961లో విజయా వాళ్లు తీసిన జగదేకవీరుని కథ ఉంది, కె.వి.రెడ్డి డైరెక్షన్, పింగళి మాటలు, శివశంకరీ పాట ఉన్నది అదే. అందులోనూ ఇంద్రుడి కూతురే, జయంతి, బి.సరోజాదేవి చేసింది. ఆవిడ స్నానానికి దిగినప్పుడు ఎన్టీఆర్ ఆవిడ చీర తీసి దాచేస్తాడు, కావాలనే. జానపద కథల్లో అది పాత పద్ధతి, మన దగ్గరే కాదు, చాలా దేశాల కథల్లో ఉంది, అప్సర బట్టలో ఈకల అంగీయో దాచేస్తే ఆమె ఎగిరిపోలేదు, కాపురం చెయ్యాల్సిందే.

1990కి వచ్చేసరికి ఏం మార్చారో చూడండి. చీర దాచడం పోయి ఉంగరం జారిపోవడం వచ్చింది. హీరో దొంగ కాదు, దాని విలువ కూడా వాడికి తెలీదు, పాప కాలు బాగుపడాలన్న ధ్యాసలో ఉన్నాడు. ఆట మొదలెట్టేది ఆవిడ. వాడి ఇంటికి వచ్చేది ఆవిడే, వాడిని బుట్టలో వేసుకుని ఉంగరం కొట్టేద్దామని ప్లాన్ వేసేదీ ఆవిడే, వాడు పాపం అమాయకంగా పడిపోతాడు. మెగాస్టార్ అంత ఇమేజ్ ఉన్న హీరో ఒక అమ్మాయి చేతిలో సగం సినిమా బకరా అవడానికి ఒప్పుకున్నాడు, దానికి మార్కులు వెయ్యాలి. అలాగని అంతా కడిగిన ముత్యం అనను, కొన్ని కామెడీ సీన్లు, పాటల్లో కొన్ని కెమెరా యాంగిల్స్ ఇవాళ రాస్తే ఎవరైనా కొట్టేస్తారు, కొట్టెయ్యాలి కూడా. కానీ మూలకథ విషయంలో మాత్రం ఆ 29 ఏళ్లలో మన జానపదం కాస్త బుద్ధి తెచ్చుకుందనే నేనంటా.

ప్రశ్న: రిలీజ్ రోజే తుఫాను వచ్చిందని మా నాన్న చెప్పేవాడు. నిజమా, సినిమా వాళ్ల కథలా? (పాఠకుడు, మచిలీపట్నం)

నిజమే, మీ ఊరి వాళ్లకి ఇంకొకరు చెప్పాలా. 1990 మే 9న సినిమా విడుదలైంది, సరిగ్గా అదే రోజు పెను తుఫాను మీ ఊరికి దగ్గర్లో, కృష్ణా నది సముద్రంలో కలిసే చోట తీరం దాటింది. వందల మంది చనిపోయారు, ఊళ్లు నీళ్లలో ఉన్నాయి, కరెంటు లేదు, ఆ టైములో సినిమా గురించి మాట్లాడటమే తప్పు. అంత పెద్ద సెట్లతో తీసిన వైజయంతి సంస్థ నిర్మాత అశ్వనీదత్‌కి మాత్రం గుండె జారిపోయే ఉంటుంది. వానలు తెరిపిచ్చాక జనం మోకాళ్ల లోతు నీళ్లలో నడుచుకుంటూ హాళ్లకి వచ్చారని ఆ సినిమా వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

విచిత్రం ఏంటంటే అంత గండం గడిచిన తేదీని ఆ సంస్థ వదిలేయలేదు, సెంటిమెంట్ చేసుకుంది. మహానటి 2018 మే 9న, మహర్షి 2019 మే 9న వచ్చాయి. కల్కి కూడా ముందు 2024 మే 9 అనే ప్రకటించారు, తర్వాత జూన్ 27కి జరిగింది.

ప్రశ్న: మా పాపకి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. ఈ సినిమా పాటల్లో ఏది ముందు వినిపించమంటారు? అబ్బనీ తీయని దెబ్బ అయితే నేనే ఇబ్బంది పడుతున్నా. (పాఠకురాలు, డాలస్)

హహ, ఆ పాట అర్థం చెప్పమని అడిగితే ఇక్కడున్న తల్లులూ ఇబ్బందే పడతారు తల్లీ. దాన్ని బీట్ కోసం వదిలెయ్యండి, డాన్సులు చేసుకోనివ్వండి.

ముందు అందాలలో పాట పెట్టండి, వినిపించడం కాదు, చూపించండి. మానససరోవరం పాట. సెట్ అని తెలిసిపోతూనే ఉంటుంది, అయినా ఆ మంచూ ఆ వెన్నెలా బాగుంటాయి. అక్కడ ఒక సంగతి గమనించమనండి పాపని, అప్పటికి హీరోకీ ఆవిడకీ పరిచయమే లేదు. ఆవిడ ముందు ప్రేమలో పడింది భూమితో, మనిషితో తర్వాత. చివరికి ఆవిడ భూలోకంలోనే ఉండిపోతుందంటే మనం నమ్మడానికి పునాది ఆ పాటలోనే వేసేశారు, ఇది నాకు చాలా ఇష్టమైన పని ఆ సినిమాలో.

తర్వాత ప్రియతమా. వేటూరి గారు అందులో ఎదటి హృదయం అతిథిలా వచ్చి చేరిందని రాశారు. అతిథి అంటే వెళ్లిపోయేవాడే కదా, ఇందాక పైన చెప్పానే దిగులు, దాన్ని ప్రేమపాటలోనే పెట్టేశారు ఆయన, బాలూ జానకీ ఆ మాటల్ని ఎంత నెమ్మదిగా పాడతారో. ఇదే వేటూరి మానససరోవరం దగ్గర సంస్కృత సమాసాలతో దేవలోకం తెలుగు రాసి, అబ్బనీ దగ్గరికొచ్చేసరికి వీధి చివర కుర్రాళ్ల తెలుగు రాశాడు. ఆవిడ లోకం ఒకటి, వీడి లోకం ఒకటి, పాటలు వింటేనే తెలిసిపోతుంది. ఇళయరాజా కూడా అంతే, ఒకదాంట్లో వయొలిన్లు ఆకాశంలో ఉంటాయి, ఇంకోదాంట్లో డప్పు నేలమీద ఉంటుంది.

ప్రశ్న: ఈ సినిమాలో విలన్ మాంత్రికుడు మహాద్రష్ట మిమ్మల్ని భయపెట్టాడా, నవ్వించాడా? (పాఠకుడు, వరంగల్)

రెండూ కాదు, కొంచెం విసిగించాడు. తిట్టకండి. అమ్రిష్ పురి గొప్ప నటుడు, మూడేళ్ల ముందే మిస్టర్ ఇండియాలో ఇదే శ్రీదేవి ఉన్న సినిమాలో మొగాంబోగా ఊపేశాడు. ఇక్కడ ఆ గొంతు లేదు, మంత్రాలు ఎక్కువ, మాటలు తక్కువ. పాతాళభైరవిలో ఎస్వీ రంగారావు నేపాళ మాంత్రికుడు డింభకా అంటుంటే మనకి వాడితో ఇంకాసేపు ఉండాలనిపిస్తుంది, వీడు వచ్చినప్పుడల్లా ఆ పిల్లల ఇంటికి ఎప్పుడు తిరిగెళ్తామా అనిపిస్తుంది. పిల్లలంటే గుర్తొచ్చింది, అందులో షాలిని, షామిలి నిజంగా కూడా అక్కాచెల్లెళ్లే, షామిలి అదే ఏడు మణిరత్నం అంజలిలో అందర్నీ ఏడిపించింది.

ప్రశ్న: ఇదే రాఘవేంద్రరావు సాహసవీరుడు సాగరకన్య తీశాడు కదా, అదెందుకు ఇంత గుర్తులేదు జనాలకి? (పాఠకుడు, విజయవాడ)

1996 సినిమా, వెంకటేష్, శిల్పాశెట్టి, కీరవాణి పాటలు. పైకి చూస్తే అదే ఫార్ములా, ఆకాశం బదులు సముద్రం. కానీ సాగరకన్యని అందరూ చూస్తారు, ఇంద్రజ మనందర్నీ చూస్తుంది. ఇంద్రజకి మన మీద అభిప్రాయాలున్నాయి, మనం చేసేవి ఆవిడకి వింతగా ఉంటాయి, ఆ వింతలోంచే మాటలు రాసిన జంధ్యాల నవ్వు పుట్టించాడు. సాగరకన్యకి అలాంటి ఛాన్స్ ఎక్కువ ఇవ్వలేదు, అందంగా ఉండమన్నారు, ఉంది.

ప్రశ్న: సీక్వెల్ తీస్తే రామ్‌చరణ్, జాన్వీ కపూర్ అయితేనే బాగుంటుంది కదా? (పాఠకురాలు, తిరుపతి)

ఆ మాట చాలా ఏళ్లుగా నడుస్తోంది, చిరంజీవి కొడుకూ శ్రీదేవి కూతురూ అంటే పోస్టర్‌కి బాగుంటుంది, ఓపెనింగ్స్‌కీ బాగుంటుంది. గ్రాఫిక్స్ సంగతి అయితే ఇప్పుడు స్వర్గం ఏంటి, పద్నాలుగు లోకాలూ దించేస్తారు. నాకున్న బెంగ వేరే. అప్పుడు ఆ దేవకన్య నోట్లో పెట్టిన మాటలు జంధ్యాలవి, శ్రీవారికి ప్రేమలేఖ, అహ నా పెళ్ళంట తీసిన మనిషివి, ఇల్లంటే ఏంటో ఇంట్లో జనం ఎలా మాట్లాడుకుంటారో తెలిసినవాడివి. ఆయన 2001లోనే వెళ్లిపోయాడు. ముందు అలాంటి రైటర్‌ని ఎక్కడున్నా పట్టుకుని, కథ రాయించి, హీరో హీరోయిన్ల డేట్స్ ఆ తర్వాత అడగమనండి.