రాత్రి హెచ్‌డీఆర్ సినిమా చూస్తే కళ్ల మంట: తప్పు కంటిదా, లాప్‌టాప్‌దా?

ప్రశ్న: డాక్టర్‌గారూ, నా వయసు 43. రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండు నెలల కిందట ఓఎల్ఈడీ తెర (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే రకం) ఉన్న లాప్‌టాప్ కొన్నాను. రాత్రి పిల్లలు పడుకున్నాక లైట్లన్నీ ఆపేసి హెచ్‌డీఆర్ (వెలుగుకూ చీకటికీ తేడా మామూలుకన్నా ఎక్కువగా చూపే) సినిమాలు చూస్తున్నాను. చీకటి సీన్లు సరిగా కనిపించవు, ఉన్నట్టుండి వెలుగొస్తే కళ్లు జిగేల్‌మంటాయి. బ్రైట్‌నెస్ 20కి తగ్గించినా గంటకల్లా కళ్ల మంట, నుదుటి నొప్పి. పాత లాప్‌టాప్‌తో ఈ బాధ లేదు. రెటీనా దెబ్బతింటుందా? నీలి కాంతిని అడ్డుకునే బ్లూ కట్ అద్దాలు వాడాలా?
– ఒక పాఠకుడు, మధురవాడ, విశాఖపట్నం

జవాబు: రెటీనా గురించి బెంగ అక్కర్లేదు. మిట్టమధ్యాహ్నం ఆర్కే బీచ్‌లో ఎండ పడిన ఇసుక నుంచి కంటికొచ్చే వెలుగు మీ తెర ఇచ్చే వెలుగుకు ఎన్నో రెట్లు ఉంటుంది. మీకొచ్చింది కంటి అలసట, దానికి తోడు కన్ను పొడిబారడం. ఉపశమనానికని మీరు బ్రైట్‌నెస్ 20కి తగ్గించారు చూడండి, నాకు ముందు అనుమానం దానిమీదే.

మామూలు వీడియోను సుమారు 100 నిట్ల వెలుగును దృష్టిలో పెట్టుకుని తయారుచేస్తారు. నిట్ అంటే తెర వెలుగుకు కొలత. హెచ్‌డీఆర్‌లో దీపాలు, మెరుపులు 1000 నిట్ల దాకా, ఒక్కోసారి ఆపైకీ వెళ్తాయి. పైగా ఏ చుక్క ఎన్ని నిట్లు వెలగాలో వీడియోలోనే రాసి ఉంటుంది. మీరు బ్రైట్‌నెస్ తగ్గిస్తే మెరుపుతోపాటు, అసలే ఒకటీ అర నిట్ల మీద నడిచే చీకటి సీనూ కిందికి దిగిపోతుంది. అది కనబడక మీరు ముందుకు వంగి, రెప్ప వేయకుండా చూస్తారు. చీకటి గదిలో కనుపాప బాగా విచ్చుకుని ఉంటుంది, సరిగ్గా అప్పుడే తెర మీద పేలుడు సీను వస్తుంది.

రెండో చిక్కు ఓఎల్ఈడీది. ఈ తెరల్లో చాలావాటికి వెలుగు తగ్గించడమంటే సెకనుకు వందలసార్లు ఆర్పి వెలిగించడమే. కంటికి తెలియదు గానీ కొందరికి తలనొప్పి తెప్పిస్తుంది. ఇంట్లోనే చూసుకోవచ్చు. తెర మీద తెల్ల పేజీ తెరిచి, ఫోన్ కెమెరా ప్రో మోడ్‌లో షట్టర్ 1/1000 పెట్టి, బ్రైట్‌నెస్ 100 దగ్గర ఒకసారి, 20 దగ్గర ఒకసారి చూడండి. 20 దగ్గర నల్ల చారలు దట్టంగా వస్తే ఈ మినుకుమినుకే. తయారీదారు ఇచ్చిన యాప్‌లో ఫ్లికర్ ఫ్రీ డిమ్మింగ్ లాంటిది ఉంటే ఆన్ చేయండి, లేకపోతే బ్రైట్‌నెస్ బాగా కిందికి దించకండి.

ఇక సర్దుబాట్లు. మీది విండోస్ 11 అనుకుంటున్నాను. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, హెచ్‌డీఆర్ వరుసలో వెళ్లి యూజ్ హెచ్‌డీఆర్ ఆన్ చేయండి. సినిమా అయ్యాక విండోస్, ఆల్ట్, బీ మీటలు కలిపి నొక్కితే ఆగిపోతుంది. ఆఫీసు పనికి ఆపేసే ఉంచండి. సినిమాకు బ్రైట్‌నెస్ 60 నుంచి 80 మధ్య పెట్టి, ఆ పేజీలోనే ఉండే హెచ్‌డీఆర్ కంటెంట్ బ్రైట్‌నెస్ స్లైడర్‌ను ఒక చీకటి సీను ఆపి ఉంచి జరపండి. నల్ల చొక్కా మడతలు కనిపించే చోట వదిలేయండి. దృశ్యాన్నిబట్టి వెలుగు మార్చే ఆటోమేటిక్ ఆప్షన్లు, తెరను పసుపురంగుకు తిప్పే నైట్ లైట్ సెట్టింగ్ ఆ రెండు గంటలూ ఆపండి. ఛార్జర్ పెట్టే చూడండి, బ్యాటరీ మీద చాలా లాప్‌టాప్‌లు హెచ్‌డీఆర్‌ను వాటంతటవే ఆపేస్తాయి. యూట్యూబ్ అయితే క్వాలిటీ మెనూలో అంకె పక్కన హెచ్‌డీఆర్ అని ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఈ తంటాలేవీ అక్కర్లేదు.

మీలాంటి ఇబ్బందే ఉన్న ఇతర పాఠకులకు ఒక మాట: మీది 300 నిట్ల మామూలు ఎల్‌సీడీ తెరైతే హెచ్‌డీఆర్ ఆపేసి చూడండి. చాలాసార్లు బొమ్మ అలాగే బాగుంటుంది.

గదిలో చీకటి మాత్రం వద్దు. లాప్‌టాప్ వెనక గోడ మీద వెలుగు పడేలా 5 నుంచి 7 వాట్ల ఎల్ఈడీ బల్బు వెలిగించండి. అది మీ వీపు వెనక ఉంటే మెరిసే తెరలో ప్రతిబింబమై మరో తలనొప్పి. ఒడిలో, పొట్ట మీద పెట్టుకోవడం మాని బల్ల మీద 60 సెంటీమీటర్ల దూరంలో, కంటికి కాస్త దిగువన ఉంచండి. ఏసీ గాలి, ఫ్యాన్ గాలి నేరుగా మొహానికి తగలనీయొద్దు. నిమిషానికి 15 సార్లదాకా కొట్టుకునే రెప్ప తెర ముందు సగానికి పైగా తగ్గిపోతుంది, ఇక గాలి కూడా తోడైతే మంట ఖాయం. 20 నిమిషాలకోసారి ఆపి, 20 అడుగుల అవతల 20 సెకన్లు చూడండి.

మంట తగ్గకపోతే కంటిని తడిగా ఉంచే 0.5 శాతం కార్బాక్సీమిథైల్‌సెల్యులోజ్ చుక్కలు రోజుకు మూడు నాలుగుసార్లు వేసుకోవచ్చు. అంతకన్నా ఎక్కువ అవసరమైతే ప్రిజర్వేటివ్ లేనివి తీసుకోండి. షాపువాడు ఇచ్చాడని స్టెరాయిడ్ చుక్కలు వేసుకోకండి, కంటి లోపలి ఒత్తిడి పెరిగి గ్లకోమా (నీటికాసులు) రావచ్చు.

బ్లూ కట్ అద్దాలకు డబ్బు పెట్టకండి. కంటి అలసట తగ్గుతుందనడానికి ఆధారం లేదు. 43 ఏళ్లకు చత్వారం మొదలయ్యే ఉంటుంది. అద్దాల పరీక్షకు వెళ్లినప్పుడు లాప్‌టాప్ దూరం కొలిచి తీసుకెళ్లి, ఆ దూరానికే పవర్ చూడమని అడగండి.

రెండు మూడు వారాలు ఇలా చేశాకా నొప్పి పోకపోతే మైగ్రేన్, కంటి ఒత్తిడి కూడా చూడాలి. దీపాల చుట్టూ రంగుల వలయాలు, కన్ను ఎర్రబడి భరించలేని నొప్పి, వాంతులు కలిసి వచ్చినా, కంట్లో మెరుపులు వచ్చి తెర దించినట్టు ఒక పక్క మసకబారినా తెల్లారేదాకా ఆగొద్దు. హనుమంతవాక దగ్గరి ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికో, నగరంలోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికో, లేదంటే ఆ సమయంలో అత్యవసర సేవలున్న దగ్గరి ఆసుపత్రికో వెంటనే వెళ్లండి.