ఎఫ్‌డీ తీసి పందులు కొనే ముందు దాణా లెక్క వేయి, తమ్ముడూ

ప్రశ్న: అన్నా, మాది నర్సంపేట దగ్గర ఊరు. వయసు 33. రెండెకరాల చెలక, ఒక బోరు ఉన్నాయి. పత్తి, మక్క వేస్తాం. హన్మకొండలో ఒక షాపులో పని చేస్తా, జీతం 20,000, ఈఎస్ఐ, పీఎఫ్ ఉన్నాయి. ఇంటి ఖర్చు 15,000 పోతుంది, చిట్టీకి 5,000. బ్యాంకులో 3.5 లక్షల ఎఫ్‌డీ ఉంది, ఇంట్లో 6 తులాల బంగారం. పందులను షెడ్డులో మూసిపెట్టకుండా, చెలకను ముక్కలు చేసి వారానికో ముక్కలోకి తిప్పుతూ మేపితే దాణా ఖర్చు సగానికి తగ్గుతుందని వీడియోల్లో చూశాను. 10 ఆడపందులు, ఒక మగపందితో మొదలుపెడదామని ఉంది. షెడ్డుకు 2.5 లక్షలు, పందులకు 2 లక్షలు, కంచె, నీళ్లకు లక్ష, మిగతా వాటికి 50 వేలు, మొత్తం 6 లక్షలు. ఎఫ్‌డీ తీసి, బంగారం కుదువ పెట్టి, ఉద్యోగం మానేసి దిగనా? పిల్ల 4,000 చెప్తున్నారు. ఇక్కడి వ్యాపారి బతికిన పందిని కిలో 150కి కొంటా అన్నాడు.

జవాబు: తమ్ముడూ, ఉద్యోగం మానకు. బంగారం బీరువాలోనే ఉండనీ. తల్లి పందులు ఇప్పుడే వద్దు. పందులు మాత్రం పెంచు, ఎందుకంటే నీకు భూమి ఉంది, నీళ్లున్నాయి, ఓపిక ఉన్న వయసు ఉంది. జూన్ మొదట్లో పది పిల్లలు కొని, పెంచి, డిసెంబర్‌లో అమ్మేసేలా ఒక్క బ్యాచ్ చెయ్. ఎందుకిలా అంటున్నానో లెక్కలతో చెప్తా, పక్కన కాగితం పెట్టుకొని చదువు.

నీ 6 లక్షల లిస్టులో షెడ్డు, కంచె, పందులు అన్నీ ఉన్నాయి కానీ దాణా లేదు. పందుల పెంపకంలో మూడింట రెండొంతులకు పైగా ఖర్చు దాణాదే. పెద్ద పంది రోజుకు రెండున్నర కిలోలు తింటుంది, పిల్లలకు పాలిచ్చేటప్పుడు దాదాపు రెట్టింపు. మక్కలు, తౌడు, నూనెగింజల చెక్క కలిపిన దాణా కిలో 28 అనుకుంటే, 11 నోళ్లకు రోజుకు 770, నెలకు 23,100. నీ జీతమే 20,000, అదీ మానేస్తానంటున్నావు. ఇక ఆదాయం ఎప్పుడొస్తుందో చూడు. నాలుగైదు నెలల ఆడపందిని కొంటే, మగపందితో దాటించడానికి దానికి ఎనిమిది నెలలు నిండాలి. చూలు 114 రోజులు. పిల్లలను తల్లి నుంచి విడదీయడానికి ఇంకో రెండు నెలలు. అంటే కొన్న రోజు నుంచి తొలి పిల్ల అమ్మేదాకా తొమ్మిది నెలలు ఒక్క రూపాయి రాదు, దాణాకేమో 2 లక్షలు దాటిపోతుంది. ఆ 2 లక్షలు ఎక్కడి నుంచి తెస్తావ్? గోల్డ్ లోన్ అప్పటికే తీసుకొని ఉంటావు కాబట్టి, ఊర్లో నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తావు. అంటే ఏడాదికి 24 శాతం. ఇలాంటి పనుల్లో ఇళ్లు గుల్లయ్యేది చాలాసార్లు పందుల వల్ల కాదు, ఈ మధ్యలో వచ్చే ఆదాయం లేని నెలల వల్లే.

పదీ ఈని, ఒక్కోటి ఎనిమిది పిల్లలు నిలిపితే 80 పిల్లలు, 3.2 లక్షలు, నిజమే. కాకపోతే నర్సంపేటలో ఒకేసారి 80 పిల్లలు కొనేవాళ్లు ఎవరు, ఎంతమంది, పేర్లతో సహా రాసి పంపు. ఆ లిస్టు రాయలేకపోతే ఆ 3.2 లక్షలు లెక్కలో వేసుకోవద్దు.

ఇప్పుడు గడ్డి సంగతి. పందికి ఆవులాగా నెమరు వేసే కడుపు లేదు, ఒక్క గడ్డి మీద అది బరువు పెరగదు. పెరిగే వయసు పిల్లలకు 16 శాతం దాకా ప్రోటీన్ కావాలి. లేత బొబ్బర, పిల్లిపెసర, కందగడ్డ తీగ లాంటివి చల్లి మేపితే దాణాలో ఓ 10 నుంచి 15 శాతం మిగలొచ్చు. ఎదిగిన తల్లి పందులకైతే ఇంకొంచెం ఎక్కువే మిగులుతుంది, అవి పచ్చిమేతను బాగా వాడుకుంటాయి. సగం మిగులుతుందన్న మాట మీద మాత్రం బడ్జెట్ కట్టకు. అదీ కాక మన దగ్గర మార్చి నుంచి జూన్ దాకా చెలకలో పచ్చి కనిపించదు. ఎండ 43, 44 డిగ్రీలకు పోతుంది, పందికి మనలాగా చెమట పట్టదు, తెల్ల జాతి పందికి చర్మం కాలిపోతుంది. ఆ నెలల్లో నీడ, బురదగుంట, షెడ్డులో దాణా తప్పవు. జూన్‌లో కొని డిసెంబర్‌లో అమ్మమన్నది అందుకే. పచ్చి ఉన్న కాలం మొత్తం వాటి పెరుగుదల కాలంతో కలుస్తుంది, రోజుకు 400 గ్రాములు పెరిగితే 10 కిలోల పిల్ల 200 రోజుల్లో 90 కిలోలు అవుతుంది, అంటే క్రిస్మస్ ముందుకు చేతికొస్తుంది.

పది పిల్లల లెక్క ఇది. పిల్లలకు 40,000. ఒక్కో పిల్ల 80 కిలోలు పెరగడానికి దాదాపు 300 కిలోల దాణా, పదింటికి 3,000 కిలోలు, కిలో 28 చొప్పున 84,000. టీకాలు, నట్టల (పేగు పురుగుల) మందు, మినరల్ మిక్స్చర్‌కు 5,000. మొత్తం 1,29,000. ఒకటి చచ్చిపోతుందనే అనుకో, తొమ్మిది అమ్మితే 810 కిలోలు, 150 చొప్పున 1,21,500. చేతి నుంచి 7,500 పడింది! ఇప్పుడు చెలకలో తిప్పి 15 శాతం దాణా మిగిల్చావనుకో, 12,600 తగ్గుతుంది, అప్పుడు 5,100 లాభం. ఇంకా కంచె, కొట్టం ఖర్చు ఇందులో వేయలేదు, మీ ఇంట్లోవాళ్లు పొద్దున, సాయంత్రం పెట్టే కష్టం అసలే వేయలేదు.

ఇక్కడ చేయి ఎక్కడ పెట్టాలో అర్థమైందా? ఆ 15 శాతం పోను 2,550 కిలోల దాణా పడుతుంది కాబట్టి, దాణా ధర కిలోకు ఒక్క రూపాయి తగ్గించగలిగితే ఈ బ్యాచ్ మీద రెండున్నర వేలు మిగులుతుంది. అమ్మకం ధర రూపాయి పెంచితే 810 మాత్రమే వస్తుంది. అదే దాణా 22కి తయారు చేసుకోగలిగితే లాభం 20,400 అవుతుంది. మన వైపు రైస్ మిల్లులు బోలెడు, నూకలు, తౌడు దొరుకుతాయి. మక్కలను కోతల సమయంలో రేటు పడిపోయినప్పుడు కొని ఎండబెట్టి పెట్టుకోవచ్చు. 2025-26కు మద్దతు ధర క్వింటాల్‌కు 2,400, అంతకన్నా తక్కువకు ఎంత కొనగలిగితే అంత నీ లాభం. బూజు పట్టిన మక్కలు చవకగా ఇస్తామంటారు, ముట్టుకోకు, ఆ బూజు విషం పందులను దెబ్బతీస్తుంది. చవక అని ఉత్త తౌడు, నూకల మీద పెంచినా ప్రోటీన్ చాలక 200 రోజులది 300 రోజులవుతుంది, మిగిలిందనుకున్నది అక్కడ పోతుంది. ఇంకో మాట, మీ చేనులో పండిన మక్కలు ఉచితం అనుకోకు. మార్కెట్‌లో అమ్మితే ఎంతొచ్చేదో అదే ధర పుస్తకంలో రాయి, లేకపోతే పందులు లాభం చేస్తున్నాయా, మక్క చేను పందులను సాకుతుందా ఎప్పటికీ తెలియదు.

చెలక తిప్పడం ఎలా అంటే, నీ రెండెకరాలు, అంటే 80 గుంటల్లో 20 గుంటలు పందులకు పక్కన పెట్టు. నాలుగు గుంటల చొప్పున ఐదు ముక్కలు చెయ్. ఒక్కో దాంట్లో వారం ఉంచితే ప్రతి ముక్కకూ నాలుగు వారాల విశ్రాంతి దొరుకుతుంది. వారం అన్నది పట్టుకొని కూర్చోకు, మూడో వంతు నేల తవ్వేశాయంటే మార్చెయ్, వాన దంచికొడుతుంటే ఇంకా ముందే మార్చు, లేకపోతే ఎర్రనేల గట్టిపడి తర్వాత ఏదీ మొలవదు. పిల్లలను వదిలే ముందే నట్టల మందు తాగించు, ఎందుకంటే పేగు పురుగుల గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి, నాలుగు వారాల విశ్రాంతితో అవి చావవు. అందుకే పందులు వెళ్లిన ఆ 20 గుంటల్లో మరుసటి ఏడాది మక్కో కూరగాయలో వేసి, పందులను ఇంకో 20 గుంటలకు మార్చు. ఎరువు కలిసిన నేల, యూరియా, డీఏపీ కొంత తగ్గుతుంది, ఎంత తగ్గిందో చూశాకే లెక్కలో రాయి.

లోపలి అడ్డాలకు చీలమండ ఎత్తున ఒక తీగ, మోకాలి ఎత్తున ఒక తీగ పెట్టి, ప్రాణం తీయకుండా చిన్న షాక్ మాత్రమే ఇచ్చే సోలార్ ఝట్కా మిషన్ తగిలిస్తే చాలు, పిల్లలు ఒకట్రెండు రోజుల్లోనే నేర్చుకుంటాయి. మిషన్ లేకుండా మోటరు లైన్ నుంచి డైరెక్ట్ కరెంటు మాత్రం ఎప్పుడూ ఇవ్వకు. అడవి పందుల కోసం అలా పెట్టిన తీగలు తగిలి మన జిల్లాల్లో రైతులే ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు.

బయటి హద్దుకు మాత్రం తీగ చాలదు, గట్టి జాలీ కావాలి, అందులో కక్కుర్తి పడొద్దు. నీది నర్సంపేట, పక్కనే పాకాల అడవి, అడవి పందులు చేన్ల మీదికి వస్తాయని నాకన్నా నీకే బాగా తెలుసు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే జబ్బు మన దేశంలోకి 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్ వైపు నుంచి వచ్చింది. మనుషులకు సోకదు, కానీ మందలోకి వచ్చిందంటే దాదాపు అన్నీ పోతాయి, మన దగ్గర దానికి టీకా లేదు. అడవి పందులూ దాన్ని మోస్తాయి. షెడ్డులో మూసి పెంచేవాడి కన్నా బయట తిప్పి మేపేవాడికి ఈ రిస్క్ ఎక్కువ, వీడియోల్లో ఇది చెప్పరు. జబ్బు వచ్చిన చోట చుట్టూ కిలోమీటర్ లోపల పందులను ప్రభుత్వమే చంపిస్తుంది, అలా చంపించిన వాటికే పరిహారం, ముందే చచ్చిపోయిన వాటికి రాదు. పశువుల ఇన్సూరెన్స్‌లో సబ్సిడీ పోను రైతు వాటా ప్రీమియంలో 15 శాతమే, చేయించు. అయితే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ కవర్ అవుతుందా లేదా అని పాలసీలోనే చదివి సంతకం పెట్టు. మామూలు స్వైన్ ఫీవర్‌కు టీకా ఉంది, అది వేయించని పిల్లను కొననే కొనకు. హన్మకొండ హోటళ్లు, హాస్టళ్ల మిగులు అన్నం ఊరికే ఇస్తామంటారు, దాణా ఖర్చు బాగా తగ్గుతుంది కూడా. కానీ ఈ జబ్బు ఊళ్లు దాటే దారుల్లో అదొకటి. తెస్తే అరగంట పాటు కళపెళ మరగకాచి పెట్టు, కాచే ఓపిక, కట్టెలు లేకపోతే తేవద్దు. మామునూరు వెటర్నరీ కాలేజీ, కృషి విజ్ఞాన కేంద్రం నీకు దగ్గరే, పిల్లలను కొనే ముందే ఒకసారి వెళ్లి మాట్లాడు.

డబ్బు ఎలా విడదీయాలంటే, నెలకు 20,000 పోతుంది కాబట్టి ఆరు నెలలకు 1.2 లక్షలు పక్కకు. దాన్ని ఏం జరిగినా ముట్టుకోవద్దు. పందుల కోసం 1.75 లక్షలు: పిల్లలు 40,000, దాణా 70,000, మందులు 5,000, జాలీ, ఝట్కా మిషన్, రేకుల కొట్టం కలిపి 60,000. మిగిలిన 55,000 పత్తి పెట్టుబడికి, ఇంటి అవసరాలకు ఉంటుంది. ఎఫ్‌డీని ఒకేసారి విరగ్గొట్టి సేవింగ్స్‌లో పడేయకు, 50 వేల చొప్పున చిన్న ఎఫ్‌డీలుగా మార్చుకో, కావాల్సినప్పుడు ఒక్కటే తీయొచ్చు. దాణా 70,000 మాత్రం వేరే ఖాతాలో ఉండాలి, పత్తి మందులకు అందులోంచి తీశావంటే పందులు నవంబర్‌లో పస్తులుంటాయి. చిట్టీ నడవనీ, పందుల కోసం తొందరపడి పాటలో ఎక్కువ నష్టానికి ఎత్తకు.

ఉద్యోగం ఎందుకు వద్దన్నానంటే జీతం ఒక్కటే కాదు. 21,000 లోపు జీతం కాబట్టి నీకు ఈఎస్ఐ ఉంది, ఇంటిల్లిపాదికీ వైద్యం అందులోనే నడుస్తుంది. మానేసిన తర్వాత ఒక్కసారి ఆసుపత్రి పాలైతే ఈ పదీ అమ్మినా సరిపోదు.

50 శాతం సబ్సిడీ ఉందని ఎవరైనా ఆశ పెడతారేమో, కేంద్ర ప్రభుత్వ పథకం నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్‌లో ఉన్న మాట నిజమే. పందులకు అది 50 ఆడపందులు, 5 మగపందుల యూనిట్ నుంచి మొదలవుతుంది, ఆ యూనిట్‌కు గరిష్ఠంగా 15 లక్షలు, అదీ రెండు విడతల్లో. ముందు పెట్టుబడి నీది, బ్యాంకుది. నీకు ఇప్పుడు అది పనికిరాదు. పశుపోషణకు కిసాన్ క్రెడిట్ కార్డ్ మాత్రం పనికొస్తుంది, దాణా ఖర్చుకు 2 లక్షల దాకా 7 శాతం మిత్తి, గడువులోపు కడితే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. రెండో బ్యాచ్‌కు అది తీసుకో, మొదటిదానికి వద్దు. పందుల ఆదాయం వ్యవసాయ ఆదాయం కిందికి రాదు, నీ జీతంతో కలిపినా పన్ను పడే స్థాయి కాదు గానీ రాసి పెట్టుకో.

అమ్మకం విషయంలో ఒక్క వ్యాపారి మాట మీద ఉండకు. ఆగస్టులోనే కాజీపేట, హన్మకొండ వైపు ఆదివారం పంది మాంసం కొట్టేవాళ్లను కలిసి, క్రిస్మస్‌కు ఎన్ని తీసుకుంటారో అడిగి అడ్వాన్స్ పట్టు. 150 బదులు 180 వస్తే 810 కిలోల మీద 24,300 తేడా. తూకం కాటా నీదే ఉండాలి, ఉజ్జాయింపుగా అమ్మకు. దాణా 22కి కుదిరి, 150కే అమ్మినా, కంచె, కొట్టం 60,000ను ఐదు బ్యాచ్‌ల మీద పంచితే మొదటిసారి చేతికి 8,400 మిగులుతుంది. తక్కువే, ఒప్పుకుంటా. అప్పు లేకుండా, ఉద్యోగం పోకుండా మిగిలిన 8,400 అది.

ప్రతి పంది బరువు పదిహేను రోజులకోసారి, రోజూ వేసిన దాణా కిలోలు ఒక నోట్‌బుక్‌లో రాయి. కిలో బరువుకు నాలుగు కిలోల లోపు దాణా పట్టి, చావులు ఒకటి దాటకుండా, కొనేవాళ్లు కనీసం ముగ్గురు తేలితే జనవరిలో ఆ లెక్కలతో మళ్లీ రాయి. రెండు ఆడపందులతో మొదలుపెట్టడానికి నీ దగ్గర ఎంత ఉండాలో అప్పుడు లెక్క కడదాం.