1982 నాటి ఒసాకా ఫ్లాట్: అడ్వాన్సు కట్టేముందు

హైదరాబాద్‌లో ఉంటూ జపాన్‌లోని ఒసాకాలో చవగ్గా వస్తున్న పాత ఫ్లాట్ కొని అద్దెకివ్వాలనుకుంటున్నారు కదా. భవనం 1982లో పూర్తయింది కాబట్టి కొత్త భూకంప ప్రమాణాల (1981 జూన్ 1 నుంచి జపాన్‌లో అమలైన కఠిన నిర్మాణ నిబంధనలు) ప్రకారమే కట్టారన్న ఏజెంటు మాట నమ్మి అడ్వాన్సు కట్టకండి. చూడాల్సింది నిర్మాణ అనుమతి తేదీ. అది 1981 జూన్ 1 లేదా ఆ తర్వాతది అయ్యుండాలి. పెద్ద భవనం కట్టడానికి ఏడాది పైనే పడుతుంది మరి! అనుమతి వివరాల ధ్రువపత్రం నగరపాలక కార్యాలయంలో అడగండి.

అంత చవగ్గా ఇస్తున్నారంటే నాకైతే మరమ్మతు నిధి (భవనం మరమ్మతులకు ఫ్లాట్ల యజమానులు నెలనెలా కట్టే ఉమ్మడి సొమ్ము) మీదే అనుమానం. భవన నిర్వహణ సంస్థ ఇచ్చే 'జూయో జికో చోసా హోకోకుషో' (ముఖ్య విషయాల పరిశీలన నివేదిక) తెప్పించుకోండి. నిధిలో ఎంతుంది, అప్పుందా, నెలవారీ వాటా పెంచే తీర్మానం ఏమైనా అయిందా, నీటి పైపులు మార్చారా అన్నవి అందులో చూడండి. పాత యజమాని ఎగ్గొట్టిన ఈ నెలవారీ వాటాల బకాయిలు చట్టప్రకారం మీ నెత్తినే పడతాయి, ధరలోంచి ముందే కోయించుకోండి.

మీరుండేది హైదరాబాద్‌లో కనుక, కంపెనీకి అద్దెకిస్తే వాళ్లు అద్దెలోంచి 20.42 శాతం జపాన్ పన్ను పట్టుకునే ఇస్తారు. తాను ఉండటానికి తీసుకున్న వ్యక్తయితే ఆ కోత లేదు.