పైలట్ చూట్ పూర్తిగా విచ్చుకోలేదు: ఎవరి మీద కేసు?

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. మా ఊరి స్నేహితుడి దగ్గర వాడిన స్కైడైవింగ్ రిగ్ (పారాచూట్ల సంచి) కొన్నాను. 'కిల్ లైన్ కొత్తగా వేయించాను' అని వాట్సాప్‌లో రాశాడు. (పెద్ద పారాచూట్ తెరుచుకున్నాక, దాన్ని బయటికి లాగిన చిన్న పైలట్ చూట్‌ను ముడిచే తాడు అది.) 2024 సెప్టెంబరు 14న, ఆ రిగ్‌తో నా పదకొండో జంపులో, పైలట్ చూట్ మెయిన్‌ను (పెద్ద పారాచూట్‌ను) లాగలేకపోయింది. రిజర్వ్ (అత్యవసర పారాచూట్)తో దిగాను, చీలమండ విరిగింది. వాడు ఫోనెత్తడు, ఇంట్లో రోజూ తిట్లు. ఆ ఉదయమే పైలట్ చూట్ ఆకారం చూశానని ఒక రిగ్గర్ (పారాచూట్లు ప్యాక్ చేసి, బాగుచేసే నిపుణుడు) పాత తేదీ వేసి ఉత్తరం ఇస్తానంటున్నాడు. కిల్ లైన్ మార్పించి రిగ్ అమ్మేయనా? డ్రాప్‌జోన్ (జంపులు నడిపే సంస్థ) మీద కూడా కేసు వేయాలా?

జవాబు: స్నేహం సంగతి కోర్టుకు అక్కర్లేదు. రిగ్ మీ చేతికొచ్చిన రోజే కిల్ లైన్ పొట్టిగా ఉందా? కేసంతా దీని మీదే నిలబడుతుంది.

మెయిన్ ఎవరు ప్యాక్ చేశారో మీరు రాయలేదు. మీరేననుకుంటాను. ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) నిబంధనల ప్రకారం దూకేవాడు తన మెయిన్ తానే ప్యాక్ చేసుకోవచ్చు. అందుకే అవతలి లాయరు 'పైలట్ చూట్ ఆకారం చూశారా?' అని మొదట మిమ్మల్నే అడుగుతాడు. 'బ్రైడిల్ కిటికీలో రంగు కనబడింది' అంటే చాలదు. (బ్రైడిల్ అంటే పైలట్ చూట్‌ను మెయిన్‌కు కలిపే పట్టీ; దాని కిటికీలో కిల్ లైన్ రంగు కనబడితే చూట్ సిద్ధమని గుర్తు.) బ్రైడిల్ లోపల రాపిడికి, వేడికి కిల్ లైన్ కుంచించుకుపోతుంది. రంగు కనిపిస్తూనే ఉంటుంది. చూట్‌ను కాక్ చేసి (విచ్చుకునేలా సిద్ధం చేసి) బ్రైడిల్ బిగలాగితే లోపలి లైన్ కాస్త వదులుగా ఉండాలి. అదే ముందు బిగుసుకుంటే చూట్ నడినెత్తి లోపలికి గుంజుకుపోయి, గాలి సరిగా పట్టదు. ప్యాక్ చేసే ప్రతిసారీ అర నిమిషం పెట్టి చూడాల్సిన పని ఇది. టెక్సాస్‌లో నిర్లక్ష్యం దావాలో తప్పు 50 శాతం మించి మీదే అని తేలితే డాలరు కూడా రాదు.

ఆ పాత తేదీ ఉత్తరం జోలికి పోకండి! అది సాక్ష్యం సృష్టించడం, నేరం. మీరు వీసా మీద ఉంటే చిక్కు కోర్టుతో ఆగదు. పైగా ఆ ఉత్తరం అబద్ధమని తేలిన రోజున మీ దగ్గరున్న నిజమైన వాట్సాప్ మెసేజ్‌ను కూడా ఎవరూ నమ్మరు.

కిల్ లైన్ మార్పిస్తే కేసును మీ చేతులతోనే పారేసినట్టు. ముడి కూడా విప్పకండి. ఫొటోలు తీసి, సంచిలో పెట్టి సీల్ చేయండి. మీకు గానీ అమ్మినవాడికి గానీ సంబంధం లేని రిగ్గర్ చేత, అతనికి ముందే కబురు పెట్టి, లైన్, బ్రైడిల్ కొలిపించండి. పది, పదకొండు జంపులకే అంత పొట్టి కావడం సాధ్యమా అన్నది కూడా ఆయనే రాయాలి. మీ లాగ్‌బుక్ ఇవ్వండి.

గాయానికి దావా గడువు రెండేళ్ళు. అంటే 2026 సెప్టెంబరు 14. ఆ రోజు వినాయక చవితి, పండగ పనుల్లో పడి మరిచిపోకండి. 'కొత్త లైన్' అన్న మాట తప్పినందుకు వారంటీ దావాకు సరుకు చేతికొచ్చిన నాటినుంచి నాలుగేళ్ళుంది గానీ, లోపం సంగతి అమ్మినవాడికి సకాలంలో తెలియజేయాలి. ఇప్పటికే ఆలస్యం చేశారు. ఈ వారమే రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి.

డ్రాప్‌జోన్‌ను వదిలేయండి. వాళ్ళు అమ్మలేదు, ప్యాక్ చేయలేదు, పైగా మీరు వేవర్ (ప్రమాదానికి దావా వేయనన్న ఒప్పుకోలు) మీద సంతకం పెట్టే ఉంటారు. ఫోన్ మార్చే ఆలోచన ఉంటే ముందు ఆ వాట్సాప్ చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి రెండు చోట్ల దాచండి. పాత ఫోన్ అమ్మకండి.