డావిన్సీ కోడ్ మీద క్విజ్ పెట్టాలంటే తప్పు జవాబులు కూడా నవలలోంచే తీయండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "మా పుస్తకాల బృందంలో డావిన్సీ కోడ్ నవల మీద క్విజ్ పెడదామనుకుంటున్నాం. సినిమా మాత్రమే చూసినవాళ్లెవరో, నవల చదివినవాళ్లెవరో తేలిపోవాలి. అలాగని చదివినవాళ్లు బెదిరిపోకూడదు. ప్రశ్నలు ఎలా తయారుచేయాలి?"

నేను ఇదే నవల మీద, ఇదే పని రెండుసార్లు చేశాను. మొదటిసారి పూర్తిగా చెడింది. రెండోసారి అందరూ గుర్తుపెట్టుకునేలా కుదిరింది. ఆ రెండింటి మధ్య ఏం మారిందో చెబితే మీకు పనికొస్తుందని రాస్తున్నాను. నవల ఇంకా చదవనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, కింద ముడులన్నీ విప్పేస్తున్నాను.

మొదటిసారి 25 ప్రశ్నలు రాశాను. కథానాయకుడు లాంగ్డన్ చేతి గడియారం మీద ఎవరి బొమ్మ ఉంటుంది (మిక్కీ మౌస్), కథలో దొరికే తాళంచెవి మీద ఏ వీధి పేరు ఉంది (24 ర్యూ హాక్సో), నవలలో ఎన్ని అధ్యాయాలు (105, ముందుమాట ఘట్టం, చివరి ఘట్టం కాకుండా), అన్నీ ఇలాంటివే. చాలా కష్టపడి పుస్తకమంతా జల్లెడ పట్టి ఏరాను. తీరా ఫలితం చూస్తే, ముందురోజు రాత్రి ఎక్కడో కథా సారాంశం చదువుకుని వచ్చిన కుర్రాడికి మొదటి స్థానం. నవలను మూడుసార్లు చదివిన ఒక పెద్దావిడకి తొమ్మిది మార్కులు. ఆవిడ కోప్పడలేదు. కాగితం మడిచి నా చేతిలో పెట్టి, "ఆ వీధి నంబరు నాకెందుకు బాబూ? ఆ తాతగారు ప్రాణం పోతూ కూడా మనవరాలికి మాత్రమే అర్థమయ్యేలా కబురు ఎలా పంపాడో అడుగు, తెల్లవారేదాకా చెబుతాను" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మళ్లీ నవల తీసి మొదటినుంచి చదివాను. ఈసారి చేతిలో పెన్సిలు పెట్టుకుని, నేను ఎక్కడెక్కడ తప్పుదారి పట్టానో అక్కడల్లా గీత పెట్టాను. అప్పుడు బోధపడింది. థ్రిల్లర్ చదివినవాళ్ల మనసులో గట్టిగా నాటుకునేవి తాము మోసపోయిన చోట్లే. ఎవరిని అనుమానించాం, ఏ జవాబు దొరికేసిందని సంబరపడ్డాం, అది ఏ పేజీలో కూలిపోయింది అన్నవి పదేళ్లయినా పోవు. పైగా బహుళైచ్ఛిక ప్రశ్నకి అసలు కష్టం తప్పు జవాబులు తయారుచేయడంలోనే ఉంటుంది కదా. డాన్ బ్రౌన్ 2003లో వచ్చిన ఈ నవలలో ఆ పని మన కోసం ముందే చేసిపెట్టాడు. పాత్రలు ఏ తప్పు జవాబును నమ్మాయో దాన్నే ఆప్షన్‌గా పెట్టండి. సగం చదివి వదిలేసినవాడు నేరుగా దాని మీదే పడతాడు. పూర్తిగా చదివినవాడికి ఆ ఘట్టం మొత్తం కళ్లముందు మెదులుతుంది.

ఒక ఉదాహరణ విడమరిచి చెబుతాను. లూవ్ర్ మ్యూజియం క్యూరేటర్ జాక్ సోనియేర్ చనిపోయే ముందు నేల మీద 13-3-2-21-1-1-8-5 అని అంకెలు రాస్తాడు. ఇవి ఫిబొనాచి సంఖ్యలనీ (ప్రతి సంఖ్యా దాని ముందున్న రెండిటి మొత్తం), వరస తప్పించి రాశాడనీ మనవరాలు సోఫీ వెంటనే పోల్చుకుంటుంది. ఆ తర్వాత బ్యాంకులో ఖాతా నంబరు కొట్టాల్సి వస్తుంది. అవకాశం ఒక్కటే. లాంగ్డన్, సోఫీ ముందు ఆ అంకెల్ని నేల మీద ఉన్న వరసలోనే కొడతారు. పది అంకెలు సరిగ్గా సరిపోతాయి. ఇక ఖాయం చేయబోతుండగా సోఫీ ఆపుతుంది. తాతయ్య చిందరవందర చేసిన వరస ఖాతా నంబరు ఎలా అవుతుంది, సరైన వరసలో పెడితే కదా ఎవరికైనా గుర్తుండేది అని ఆలోచించి 1123581321 కొడుతుంది. "ఖాతా నంబరు ఏమిటి?" అని ఊరికే అడిగితే అది బట్టీ ప్రశ్న. నేను రెండోసారి ఇలా అడిగాను: "నంబరు ఖాయం చేయబోతుండగా సోఫీ ఎందుకు ఆపింది?" ఒక్క ఆప్షన్‌లో "అంకెలు ఒకటి తక్కువయ్యాయి" అని, ఇంకోదాంట్లో "బ్యాంకు మేనేజర్ వచ్చేశాడు" అని పెట్టాను. చదవనివాళ్లకి రెండూ నమ్మదగ్గవే. చదివినవాళ్లు ఆప్షన్లు పూర్తిగా వినకుండానే జవాబు చెబుతామని చేతులెత్తారు.

సెయింట్ సుల్పీస్ చర్చి ఘట్టం కూడా ఇలాంటి బంగారు గనే. సన్యాసి సైలస్ ఒక రహస్యం కోసం నలుగురిని చంపుతాడు. సోనియేర్, అతని కింద ఉన్న ముగ్గురు. ఆ రహస్యం ఎక్కడ దాచారంటే ప్రాణభయంతో నలుగురూ ఒకే స్థలం చెబుతారు. విడివిడిగా చంపినా నలుగురి మాటా కలిసింది కాబట్టి అది నిజమేనని సైలస్ నమ్ముతాడు. చర్చిలో నేల పగలగొడితే దొరికేది ఒక రాయి, దాని మీద బైబిల్‌లోని యోబు గ్రంథం 38:11 అని మాత్రమే ఉంటుంది. ఇంతవరకే రాగలవు, ఇక ముందుకు లేదు అని ఆ వచనం భావం. ఇక్కడ నేను అడిగిన ప్రశ్న: "నలుగురి మాట ఒకటే కావడం దేనికి సాక్ష్యం?" సైలస్ అనుకున్నట్టు నిజానికా, లేక ముందే కుదుర్చుకున్న అబద్ధానికా? ఇంకొంచెం లోతుకి వెళ్లాలంటే, ఆ నేల పగలడం ఎవరికి హెచ్చరిక అని అడగండి. పైనుంచి చూస్తున్న, ఆ చర్చిలో ఉండే నన్ సిస్టర్ సాండ్రీన్‌కి. ఆవిడ పరుగున వెళ్లి తనకిచ్చిన నాలుగు ఫోన్ నంబర్లకీ చేస్తుంది, ముగ్గురు చనిపోయారని తెలుస్తుంది, నాలుగోదానికి ఆన్సరింగ్ మెషీన్ పలుకుతుంది. ఆవిడ పేరు గుర్తులేకపోయినా ఆ నాలుగు ఫోన్లు గుర్తున్నవాళ్లకి పూర్తి మార్కులు ఇచ్చాను. మీరూ ఇవ్వండి. పేరుకి మార్కులు తగ్గించే ఇన్విజిలేటర్ బుద్ధి ఈ ఆటకి పనికిరాదు.

లండన్ ఘట్టంలో తప్పు జవాబు మరీ అందంగా కుదిరింది. ఆచూకీ చెప్పే పద్యంలో ఒక "పోప్" సమాధి చేసిన నైట్ అని ఉంటుంది. అందరూ పోప్ అంటే రోమ్‌లోని పోపే అనుకుని టెంపుల్ చర్చికి పరిగెడతారు. అసలు మనిషి ఎ. పోప్, అంటే అలెగ్జాండర్ పోప్ అనే కవి. నైట్ ఐజాక్ న్యూటన్, సమాధి వెస్ట్‌మినిస్టర్ ఆబీలో. ఆ సమాధి మీద ఉండాల్సిన గోళం ఏదంటే యాపిల్. టెంపుల్ చర్చిని ఆప్షన్లలో రెండోదిగా పెట్టాను, చాలామంది అక్కడే ఆగిపోయారు.

ఇప్పుడు ఒక హెచ్చరిక. ఈ పద్ధతిలో ప్రశ్న వాక్యం చాలా జాగ్రత్తగా రాయాలి. సోనియేర్ రాసిన చివరి పంక్తి, పోలీసు కెప్టెన్ ఫాష్ చెరిపేసింది, "పి.ఎస్. రాబర్ట్ లాంగ్డన్‌ని వెతుకు" అని ఉంటుంది కదా. నేను "పి.ఎస్. అంటే ఏమిటి?" అని అడిగి "ప్రిన్సెస్ సోఫీ" అని జవాబు రాసుకున్నాను. ఒకాయన "ప్రయరీ ఆఫ్ సయాన్" అన్నారు, అది నవలలోని రహస్య సంఘం పేరు. తప్పన్నాను. ఆయన లేచి, తాళంచెవి మీద అవే అక్షరాలు లిల్లీ పువ్వు గుర్తుతో కలిసి ఉంటాయనీ, అవి ఆ సంఘానివేనని లాంగ్డన్ చెబుతాడనీ నిదానంగా వివరించారు. ఫాష్ అయితే దాన్ని ఉత్తరాల చివర రాసే మామూలు "తాజా కలం" అనుకున్నాడు. అంటే ఒకే రెండక్షరాలకి మూడు అర్థాలు, చదివేవాడిని బట్టి. ఆయనకి క్షమాపణ చెప్పి మార్కు ఇచ్చాను. అడగాల్సింది "సోఫీ ఆ అక్షరాలు చూడగానే తనకే రాశాడని ఎందుకు అనుకుంది?" అని. చిన్నప్పుడు తాతయ్య ఆమెని అలా పిలిచేవాడు కాబట్టి. ఎవరి కళ్లతో, ఏ సమయానికి అన్నది ప్రశ్నలో తప్పకుండా ఉండాలి.

సినిమా మాత్రమే చూసినవాళ్ల విషయానికొస్తే, మూడు ప్రశ్నలు చాలు. నవలలో క్రిప్టెక్సులు (అక్షరాల తాళం ఉన్న రహస్య పేటికలు) రెండు, ఒకదాని లోపల ఇంకొకటి. మొదటిదాని పాస్‌వర్డ్ సోఫియా, రెండోదానిది యాపిల్. 2006లో వచ్చిన సినిమాలో ఉన్నది ఒక్కటే. నవల చివర్లో రోస్లిన్ చాపెల్ దగ్గర సోఫీకి బామ్మతో పాటు బతికున్న తమ్ముడు కూడా దొరుకుతాడు, సినిమాలో తమ్ముడు లేడు. లాంగ్డన్, సోఫీ విడిపోయే తీరు కూడా వేరు. నవలలో ఫ్లోరెన్స్‌లో కలుద్దామనుకుంటారు. వీటిని వరసగా అడగకండి, మధ్యమధ్యలో చల్లండి. లేకపోతే సినిమా చూసి వచ్చినవాళ్లని పట్టుకోవడానికే పెట్టారన్న భావన వస్తుంది. వాళ్లు రేపు నవల చదవాల్సినవాళ్లు, వాళ్లని చిన్నబుచ్చితే మనకే నష్టం.

ప్రతి ప్రశ్నకీ ముందు "నవల ప్రకారం" అని పెట్టడం ఈ పుస్తకానికి తప్పనిసరి. లూవ్ర్ పిరమిడ్‌కి 666 అద్దాలని నవల అంటుంది. మ్యూజియం లెక్క ప్రకారం 673. ప్రయరీ ఆఫ్ సయాన్ 1099లో పుట్టిన నిజమైన సంస్థ అని మొదటి పేజీల్లోనే రాసి ఉంటుంది. అసలు ఆ పేరుతో సంఘం పెట్టింది పియేర్ ప్లాంటార్, 1956లో. పాత చరిత్ర కోసం చూపించిన పత్రాలు కల్పించినవి. సైలస్ ఉన్న క్యాథలిక్ సంస్థ ఓపస్ డీ కూడా నిజమైనదే, 1928లో స్పెయిన్‌లో మొదలైంది, కానీ అందులో సైలస్ లాంటి సన్యాసులు ఉండరు. సెయింట్ సుల్పీస్‌లో నేల మీది ఇత్తడి గీత ఖగోళ పరిశీలన కోసం పెట్టింది, దాన్ని నవల రోజ్ లైన్ అంటుంది. నవల చదివి వచ్చేవాళ్ల కోసం, కిటికీల మీది పి, ఎస్ అక్షరాలు చర్చి పోషక సాధువులు పీటర్, సుల్పీస్‌ల పేర్లనీ, ప్రయరీకి సంబంధం లేదనీ ఆ చర్చిలో నోటీసు పెట్టారు. ఈ సరుకుతో "కథలోదా, లోకంలోదా?" అని విడిగా ఒక రౌండ్ పెట్టాను. నా మట్టుకు అదే అన్నిటికంటే విలువైన రౌండ్. చాలా ఏళ్లు నిజమని నమ్మినవి కల్పన అని తెలిసినప్పుడు జనం ముఖాల్లో కనిపించే ఆశ్చర్యం చూడాల్సిందే.

టై అయితే దీన్ని వాడుకోండి. 1982లో వచ్చిన ఒక పుస్తకం రచయితలు మైకేల్ బేజెంట్, రిచర్డ్ లీ తమ ఆలోచనలు కాజేశారని లండన్ హైకోర్టులో ఈ నవల ప్రచురణకర్తల మీద దావా వేసి 2006లో ఓడిపోయారు. నవలలోని చరిత్రకారుడు లీ టీబింగ్ పేరులో ఆ ఇద్దరూ ఎలా ఉన్నారని అడగండి. మొదటి ముక్క ఒకరి ఇంటిపేరు, రెండోది ఇంకొకరి ఇంటిపేరులో ఇంగ్లీషు అక్షరాలు అటూ ఇటూ చేసింది. ఆ తీర్పు రాసిన జడ్జి పీటర్ స్మిత్ తీర్పులోనే కొన్ని అక్షరాలు వాలుగా ముద్రించి తనూ ఒక రహస్య సందేశం దాచాడు. ఈ సంగతి వినగానే మావాళ్లు కాసేపు క్విజ్ మరిచిపోయి దాని గురించే మాట్లాడుకున్నారు.

సంఖ్య విషయానికి, 15 దాటనివ్వకండి. ముందుగా ఇద్దరి మీద ప్రయత్నించి చూడండి, ఈమధ్యే చదివినవాళ్లు ఒకరు, ఎప్పుడో చదివినవాళ్లు ఒకరు. ఇద్దరికీ రానిది తీసేయండి.

చివరి ప్రశ్నని మాత్రం ఆప్షన్లు లేకుండా వదిలాను. "సైలస్‌ని తెర వెనక నడిపించిన గురువు టీబింగేనని తెలిశాక వెనక్కి తిరిగి చూస్తే, అతను దొరికిపోవాల్సిన చోటు ఏది?" ఒకరు, లాంగ్డన్, సోఫీ టీబింగ్ ఇంట్లో ఉన్నారని సైలస్‌కి ఎవరు చెప్పి ఉంటారన్నారు. ఇంకొకరు, క్రిప్టెక్స్ కోసం అతని ఆత్రం చూస్తే తెలియాలన్నారు. ఆ పెద్దావిడ అందరూ అయ్యేదాకా ఆగి, "సైలస్ ఆ ఇంట్లోకి తుపాకీతో వచ్చినప్పుడు టీబింగ్ చేతికర్రతో ఎక్కడ కొట్టాడు? తొడ మీద, తనని తాను శిక్షించుకోవడానికి సైలస్ సరిగ్గా ముళ్ల పట్టీ కట్టుకున్న చోట. బట్టల కింద ఉన్నది తగలాల్సిన చోటే తగిలిందేం? ఆ పూట మనమంతా అతని ధైర్యానికి మెచ్చుకుని ముందుకెళ్లిపోయాం" అంది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. పక్కనున్న ఇద్దరు తమ పుస్తకాలు తీసి అప్పటికే ఆ పేజీ కోసం వెతుకుతున్నారు.