ట్రైనింగ్‌కి పిల్లల నోట్‌బుక్కులు పట్టుకెళ్ళండి

ప్రశ్న: నమస్తే సార్. నేను మల్కాజిగిరి వైపు ప్రైమరీ స్కూల్లో ఎస్జీటీని, నాలుగో క్లాసుకి లెక్కలు చెప్తాను. మళ్ళీ మే ఎండల్లో మ్యాథ్స్ ట్రైనింగ్ వేశారు. పోయినసారి పీపీటీలు చదివి వినిపించి, ఆఖర్లో చార్టులు చేయించి పంపించారు, స్కూల్ తెరిచాక క్లాసులో ఏం మారలేదు. మా పిల్లలేమో తీసివేతల దగ్గరే ఆగిపోతున్నారు. ఈసారైనా పనికొచ్చేలా ఉండాలంటే ఏం చేయాలి? ఈ రోజులకి ఈఎల్స్ (ఎర్న్డ్ లీవులు, అంటే జీతంతో వచ్చే సెలవులు) వస్తాయా?

జవాబు: ఈఎల్స్ సంగతి ముందు చెప్పేస్తానమ్మా. సెలవుల్లో డ్యూటీ వేస్తే ఆ రోజుల లెక్కన ఈఎల్స్ జమ చేయించుకోవచ్చు, కాకపోతే ఆర్డర్ కాపీ, అటెండెన్స్ సర్టిఫికెట్ రెండూ జాగ్రత్తగా పెట్టుకోండి, తర్వాత అడిగితే దొరకవు.

ఇక అసలు విషయం. వెళ్ళేటప్పుడు మీ పిల్లల పాత నోట్‌బుక్కులు పట్టుకెళ్ళండి, లేదంటే తప్పు చేసిన పేజీలు ఫోన్లో ఫోటో తీసుకోండి. 304 లోంచి 178 తీసేయమంటే సగం మంది 274 అని రాసుంటారు చూడండి, అంటే ప్రతి చోటా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేశారన్నమాట, పైన ఉందా కింద ఉందా చూడలేదు. ఇది అజాగ్రత్త కాదండీ, వాళ్ళు ఒక రూల్ పెట్టుకుని దాన్నే పద్ధతిగా పాటిస్తున్నారు. ఆ పేజీ టేబుల్ మీద పెట్టి, "ఈ పాప ఇలా ఎందుకు చేసింది, రేపు మనం ఏం అడగాలి" అని మీ గ్రూపులో పదిమంది టీచర్లు ఒక గంట కూర్చుని మాట్లాడుకుంటే అదే నిజమైన ట్రైనింగ్, నా మాట నమ్మండి.

అక్కడే ఇంకో పని కూడా చేయండి. "పక్కింటి నుంచి అప్పు తీసుకో" అని అందరం చెప్తాం కదా, మరి 304లో పక్కన సున్నా ఉంటే అప్పు ఎవరిస్తారు? నోట్లతో చేసి చూపించండి. మూడు వంద నోట్లు, నాలుగు రూపాయి బిళ్ళలు. ఒక వంద మారిస్తే పది పదులు, అందులో ఒక పది మారిస్తే పది రూపాయలు, అప్పుడు చేతిలో 2 వందలు, 9 పదులు, 14 రూపాయలు ఉంటాయి. ఇప్పుడు 178 తీయడం ఎవరికైనా వస్తుంది, 126 మిగులుతాయి. కిరాణా షాపాయన అయితే అసలు తీసివేతే చేయడు, 178కి 2 కలిపితే 180, 20 కలిపితే 200, ఇంకో 104 కలిపితే 304, మొత్తం 126 అని చేతిలో పెట్టేస్తాడు. మీ క్లాసులో ఆ షాపుల పిల్లలే ఉంటారు, వాళ్ళకి ఇది వచ్చు, నోట్‌బుక్కులో మాత్రం రాదు! ఈ రెండూ ఒకటే అని వాళ్ళకి తెలిసేలా చేయడమే మన పని.

భిన్నాలు కూడా అడగండి. మూడో వంతు, నాలుగో వంతు కలపమంటే 2/7 అని రాస్తారు, మనం వెంటనే క.సా.గు. నేర్పేస్తాం. ముందు "2/7 పెద్దదా, 1/3 పెద్దదా" అని బొమ్మ గీయించి అడగండి, కలిపాక మొదటిదాని కన్నా తగ్గిందేంటని పిల్లలే ఆగుతారు.

రిసోర్స్ పర్సన్‌కి, అంటే ట్రైనింగ్ ఇచ్చేవాళ్ళకి, చెప్పడానికి మొహమాటపడకండి. 2020 జాతీయ విద్యా విధానం టీచర్లకి ఏడాదికి కనీసం 50 గంటల ట్రైనింగ్ ఉండాలంటూనే అది టీచర్ల సొంత ఆసక్తిని బట్టి ఉండాలని కూడా చెప్పింది. మన తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు (ప్రైమరీ పిల్లలకి చదవడం, రాయడం, లెక్కల పునాది వేసే ప్రోగ్రాం) కూడా పిల్లాడు ఏ లెవెల్లో ఉన్నాడో చూసి చెప్పమనే కదా. మొదటి రోజు టీ బ్రేక్‌లోనే మర్యాదగా, "సార్, రోజూ ఒక గంట మా పిల్లల తప్పుల మీద పెట్టండి" అని నలుగురు కలిసి అడగండి, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు.

ప్రశ్న: నేను కూకట్‌పల్లిలో చిన్న ప్రైవేట్ స్కూల్లో చేస్తున్నా సార్, మాకు ఎవరూ ట్రైనింగ్ ఇవ్వరు. సమ్మర్‌లో సొంతంగా ఏం చదవాలి?

జవాబు: డబ్బు పెట్టక్కర్లేదండీ. ఎన్సీఈఆర్టీ కొత్త మ్యాథ్స్ పుస్తకాలు వాళ్ళ సైట్లో ఫ్రీగా ఉన్నాయి, మీరు చెప్పే క్లాసు పుస్తకం మొత్తం పెన్సిల్‌తో మీరే చేయండి. అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీ 'ఎట్ రైట్ యాంగిల్స్' పత్రిక కూడా ఫ్రీనే, ఇంగ్లిష్‌లో ఉంటుంది, అందులో ప్రైమరీ టీచర్ల కోసం వేసే పుల్ అవుట్లు, అంటే విడిగా తీసి వాడుకునే పేజీలు, చాలా బాగుంటాయి. పక్క స్కూల్ టీచర్ ఎవరైనా కలిస్తే వారానికోసారి కూర్చుని చేయండి, ఒక్కరే అయితే మధ్యలో వదిలేస్తాం.